మరిచిపోయిన కర్ర, ఎనిమిది పంపరపనసలు

సుకుమొ, కనుమ కింద
నవంబరు 3

హమాగుచి తెప్పెయ్ గారి ఇంటివారికి,

నన్ను మీరెరగరు. నా పేరు నాకావాకి తొమె. ఎనభై ఒక్క ఏళ్లు. ఎనభై ఎనిమిది గుళ్ల యాత్ర దారిలో, మత్సువో కనుమ ఎక్కబోయే ముందు కుడిచేతి పక్కన ఉన్న పంపరపనస తోట మాది. తోట ముందు ఒక బల్ల ఉంది, పైన రేకు. నడిచొచ్చే యాత్రికులు కూర్చుంటే టీ పోసి, ఇంట్లో ఏముంటే అది పెడతాను. మా అత్తగారూ పెట్టేది. తిన్నవాళ్లు తమ పేరుచీటీ ఒకటి ఇచ్చి వెళ్తారు. ఆ చీటీలన్నీ గడ్డిసంచిలో వేసి దూలానికి కడతాం, ఇంటికి మంచిదని.

మొన్న ఎలుక ఆ సంచి కొరికింది. నేలంతా చీటీలే. ఏరుతుంటే మీవాడి చీటీ దొరికింది. ఊరు కిషివాడ అని ఉంది. రెండున్నరేళ్ల కింద, ఏప్రిల్లో, మా బల్ల దగ్గర ఒక పొడుగాటి అబ్బాయి తన కర్ర మరిచిపోయి వెళ్లాడు. కర్ర పిడికి కొంగబొమ్మ తువ్వాలు చుట్టి ఉంది. దాని మీద ‘త్సురు స్నానశాల, కిషివాడ’ అని అచ్చు. చీటీలో కోరిక రాసే చోట ‘అమ్మ మోకాలు నొప్పి తగ్గాలి’ అని ఉంది. ఆ మోకాలు మీదేనా?

యాత్రలో కర్ర అంటే సాక్షాత్తు, యాత్రికుల వెంట నడిచే దాయిషి స్వామే కదా. అందుకని బయట పారెయ్యలేదు. గదిలో పటం ముందు నిలబెట్టి, రోజూ సాయంత్రం దాని కాలు కడుగుతున్నాను, నా కాళ్లకంటే ముందు. మీవాణ్ణి వచ్చి తీసుకెళ్లమనండి. ఒక మొట్టికాయ బాకీ ఉంది, తలవంచుకుని రమ్మనండి.

తొమె

~

కిషివాడ
నవంబరు 9
(ఈ ఉత్తరం పంపలేదు)

తొమె గారికి,

తెప్పెయ్ లేడండి. మీ దగ్గర కర్ర మరిచిపోయిన మరుసటి ఫిబ్రవరిలో, పనిలో ఉండగా తలలో నరం చిట్లి పడిపోయాడు. ముప్ఫై నాలుగేళ్లు. నా ఒక్కగానొక్క

ఇక్కడిదాకా రాసి ఆగిపోయాను. మీరు మొట్టికాయ వేస్తానన్నారు. వాణ్ణి తిట్టేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. ఇక్కడ అందరూ వాడి గురించి గొంతు తగ్గించి మాట్లాడతారు. ఈ కాగితం పోస్టులో వేస్తే మీరూ గొంతు తగ్గించేస్తారు.

~

కిషివాడ
నవంబరు 12

నాకావాకి తొమె గారికి నమస్కారాలు.

ఉత్తరంలో ముందు వాతావరణం రాయాలని బళ్లో చెప్పారు. ఇక్కడ చలి మొదలైంది. వాతావరణం అయిపోయింది.

నేను తెప్పెయ్ అమ్మను, ఫుసాయె అంటారు. ఆ మోకాలు నాదే. పదిహేనో ఏట బడి మానేసి నూలుమిల్లుకి వచ్చినదాన్ని, కష్టమైన అక్షరాలు రావు, తప్పులుంటే మన్నించండి. ఇప్పుడు త్సురు స్నానశాలలో గల్లా దగ్గర కూర్చుంటాను. ఈ పేటలో మగవాళ్ల మొహాలకంటే వాళ్ల వీపులే నాకు బాగా గుర్తు. మీ ఉత్తరం గల్లా దగ్గరే చదివి, ఆ ధ్యాసలో ఒక ముసలాయనకి ఆడవాళ్ల వైపు చెప్పులపెట్టె తాళం ఇచ్చేశాను. ఆయన సంతోషంగానే వెళ్లాడు. లోపలివాళ్లకే సంతోషం లేదు.

మావాడు యాత్రనుంచి వచ్చినప్పుడు కర్రేదిరా అని అడిగితే, ‘చివరి గుడిలో ఇచ్చేశానమ్మా, అందరూ అలాగే ఇస్తారు’ అన్నాడు. చూశారా, కన్నతల్లికే టోపీ. మీ ఉత్తరం రాకపోతే ఈ దొంగతనం బయటపడేదే కాదు.

వాడికి ఇప్పుడు తీరిక లేదు. దూరంలో పని. దయచేసి కర్రని పార్సెల్లో పంపించండి. ఖర్చులు నేను పంపుతాను. ఫిబ్రవరిలో ఇంట్లో ఒక కార్యం ఉంది, అప్పటికి ఆ కర్ర నాకు కావాలి.

హమాగుచి ఫుసాయె

~

సుకుమొ
నవంబరు 20

ఫుసాయె గారికి,

పార్సెలా! దాయిషి స్వామిని అట్టపెట్టెలో కుక్కి ఎండుచేపలా పంపమంటావా? కుదరదు. మరిచిపోయినవాడే రావాలి.

అసలు వాడు ఎలా మరిచిపోయాడో చెబుతాను విను. ఎండలో వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. అన్నం ముద్దలు రెండు పెట్టాను. తిన్నాడు. ఇంకో రెండు పెట్టాను. తిన్నాడు. అయిదోది నా మధ్యాహ్నం భోజనం, అదీ తిన్నాడు. తిని, ‘పెద్దమ్మా, మా అమ్మ చేసినంత బాగాలేవుగానీ బాగానే ఉన్నాయి’ అన్నాడు. ఒళ్లు మండింది. ఆ మంటలో మోయలేనన్ని పంపరపనసలు ఇచ్చాను, ఎనిమిది. యాత్రికుడు పెట్టినదాన్ని వద్దనకూడదు కదా. పాపం వద్దనలేక, సంచిలో నాలుగు కూరి, చేతుల్లో నాలుగు పట్టుకున్నాడు. ఇంక కర్ర పట్టుకోవడానికి చెయ్యేది?

వాడు వెళ్లాక అరగంటకి చూశాను. నాకు పరుగెత్తే కాళ్లు లేవు. తరవాత వచ్చిన యాత్రికురాలితో, ‘ముందు ఒక పొడుగువాడు పళ్లు మోసుకుంటూ పోతుంటాడు, కర్రా అని కేకెయ్యి’ అని చెప్పి పంపాను. ఆ అమ్మాయి గొంతు పిచ్చుక గొంతు, ఎక్కడ వినపడుతుంది!

వాడికి పెళ్లయిందా? అయిదు ముద్దలు తినేవాణ్ణి ఏ పిల్ల భరిస్తోంది?

తొమె

~

కిషివాడ
డిసెంబరు 2

తొమె గారికి,

వాతావరణం: గాలి. అయిపోయింది.

మీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. చేతుల్లో నాలుగు పళ్లు పట్టుకుని కొండెక్కుతున్నవాణ్ణి తలుచుకుని గల్లా దగ్గర ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ ఎనిమిదిలో ఒకటి ఇంటిదాకా తెచ్చాడండి. ‘నీకోసం కొన్నాను’ అన్నాడు! ఇది రెండో దొంగతనం. కాయ ముడుచుకుపోయింది గానీ లోపల ఎంత తియ్యగా ఉందో.

పెళ్లయింది. అమ్మాయి పేరు హరుమి. మంచి పిల్ల, నవ్వుతూ మాట్లాడుతుంది. తెప్పెయ్‌కి పొద్దున్నే గొడుగు పట్టుకెళ్లాలో లేదో కూడా తనే చెబుతుంది. వచ్చే వేసవికి నేను నానమ్మను అవుతానట.

ఆ రోజు మావాడు ఇంకా ఏమేం మాట్లాడాడు? చెప్పులేవి వేసుకున్నాడు? గడ్డం పెరిగిందా? అన్నీ రాయండి. ఏదైనా పరవాలేదు.

కర్ర సంగతి మరిచిపోకండి. ఫిబ్రవరి.

ఫుసాయె

~

సుకుమొ
జనవరి 11

ఫుసాయె,

ఎక్కడో ‘గారు’ పోయింది, ఏమనుకోకు. కాబోయే నానమ్మ అంటే నాకు చిన్నపిల్లతో సమానం.

కబురు విని పొంగిపోయాను. పళ్లు కోసి తోటలోనే గడ్డి కప్పి పెట్టాం, ఫిబ్రవరికి గానీ పులుపు దిగదు. కడుపుతో ఉన్నవాళ్లకి పులుపే కావాలి కాబట్టి ముందుగానే ఆరు హరుమికి పంపుతున్నాను. పెట్టెలో పైన చిన్న మేజోళ్లు ఉన్నాయి. చూపు ఆనక మూడుసార్లు విప్పి అల్లాను. ఎడమది కొంచెం పెద్దదయింది. పిల్లలు పెరుగుతారులే.

అడిగావుగా. గడ్డం పెరిగింది, కానీ అక్కడక్కడే, దున్నడం మానేసిన పొలంలా. కుడి చెప్పు తాడు తెగితే గుడ్డపీలికతో కట్టుకున్నాడు. కొండవైపు చూసి, ‘ఇది ఎంత దూరం?’ అన్నాడు. ‘పైకి గంట నడక. నేను నలభై సార్లు ఎక్కాను, నువ్వు ఎక్కలేవా’ అన్నాను. ‘నేను కాదు, మా అమ్మ ఎక్కగలదా అని’ అన్నాడు. ‘పొద్దున బయల్దేరి, మూడు చోట్ల కూర్చుంటే ఏ మోకాలైనా ఎక్కుతుంది’ అన్నాను. ‘అయితే తీసుకొస్తా’ అన్నాడు.

ఫిబ్రవరిలో రానక్కర్లేదులే. కనుమ మీద గాలి చెవులు కోస్తుంది. కర్ర భద్రంగా ఉంది, తొందరేం ఉంది? ఎండలు వచ్చాక ముగ్గురూ రండి, కడుపులోదానితో కలిపి నలుగురు.

తొమె

~

కిషివాడ
జనవరి 18

తొమె గారికి,

ఇవాళ వాతావరణం చూడలేదు.

దీంతో పాటు ఒక పాత కాగితం పెట్టాను. నవంబరు తొమ్మిదిన రాసింది. ముందు అది చదవండి. తరవాత ఇది.

చదివారా.

హరుమి అనే అమ్మాయి ఉన్నమాట నిజం. టీవీలో వాతావరణం చెబుతుంది. మీకు రాసేటప్పుడు ఎదురుగా కనిపించింది, కోడల్ని చేసేశాను. ఇంకెవరూ లేరు. బిడ్డా లేదు. ఫిబ్రవరిలో కార్యం అంటే, వాడు పోయి రెండేళ్లు నిండి మూడో ఏడు వస్తుంది, ఆ మూడో ఏటి పూజ. వాడి ఫొటో పక్కన పెట్టడానికి వాడు చేత్తో పట్టుకున్న వస్తువు ఏదైనా కావాలనిపించి కర్ర అడిగాను. మిగతావన్నీ ఇంట్లో ఉన్నవే, రోజూ చూసేవే. కర్ర ఒక్కటే వాడు బయట వదిలేసింది.

పెట్టె విప్పి మేజోళ్లు చూశాక ఇంక రాయకుండా ఉండలేకపోయాను. నా రెండు వేళ్లకి తొడుక్కుని చూశాను. చూపు ఆనకపోయినా మీరు మూడుసార్లు విప్పి అల్లారు, నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా అబద్ధం అల్లాను.

ఎందుకు చేశానంటే, మీ ఉత్తరాల్లో వాడు ఇంకా తింటున్నాడు, నా వంటే బాగుంటుందని మీకు కోపం తెప్పిస్తున్నాడు. మీ ఉత్తరం చదివినంతసేపూ వాడు కొండెక్కుతూనే ఉన్నాడు. నాకు అంతే చాలనిపించింది. మీకు ఎలా ఉంటుందో ఆలోచించలేదు.

యాత్ర దారినుంచి వచ్చినదాన్ని తిప్పి పంపకూడదట, అందుకని మేజోళ్లు పంపడం లేదు. వాడి ఫొటో ముందు పెట్టాను. పళ్ల తొక్కలు స్నానశాల నీళ్లలో వేశాను. పేటంతా మీ తోట వాసన వేస్తోంది.

కర్ర ఇవ్వబుద్ధి కాకపోతే వద్దులెండి.

ఫుసాయె

~

సుకుమొ
జనవరి 22

ఫుసాయె,

ఉత్తరం అందింది. ఇవాళ ఏమీ రాయలేను. అన్నం తిను.

తొమె

~

సుకుమొ
ఫిబ్రవరి 1

ఫుసాయె,

పదిరోజులు ఆలోచించాను. నీమీద కోపంతో కాదు. నా సంగతి చెప్పాలా వద్దా అని.

కర్ర పటం ముందు లేదు. ఏనాడూ లేదు. దాని కాలు నేను ఒక్కరోజు కూడా కడగలేదు.

మీవాడు వెళ్లిన నెలకి నా నడుము పట్టేసింది. డాక్టరు కదలొద్దన్నాడు. బల్ల దగ్గరికి కూడా పోలేక, యాత్రికులు ఖాళీ బల్ల చూసి వెళ్లిపోతుంటే లోపల పడుకుని వినేదాన్ని. ఒకరోజు గోడకి ఆనించిన కర్ర కనపడింది. బల్లదాకా ఒక్కసారి, తరవాత ఎక్కడిదక్కడ పెట్టేస్తా అనుకున్నాను. దాని పిడికి కట్టిన చిన్న గంట గణగణమంది. బాగుంది. మర్నాడు వీధి గుమ్మందాకా. వారానికి తోట చివరిదాకా. ఆకులు రాలేసరికి కనుమ పైకి ఎక్కేశాను. అప్పటినుంచి వారానికోసారి పైకి పోయి దారి ఊడ్చి వస్తున్నాను. మీవాడితో నలభై సార్లు ఎక్కానన్నది పాతలెక్క. ఆ కర్రతో ఇప్పుడు నూరు దాటింది.

పార్సెల్ వద్దన్నది స్వామి మీద భక్తితో కాదే తల్లీ. కర్ర కొస అరిగిపోయింది. నాలుగు వేళ్లు పొట్టిదయింది. పంపితే తెలిసిపోతుందని భయం. ‘రండి, రండి’ అని పిలిచి, మళ్లీ ‘చలి, చలి’ అని ఆపింది కూడా అందుకే. ఇంకొన్నాళ్లు నా దగ్గరే ఉంటుందని.

ఎవరి కొడుకో వదిలిపెట్టిన కర్ర పట్టుకుని కొండలెక్కాను, ఆ కొడుకు లేడని తెలియకుండా. నువ్వు ఆడినదానికంటే నా అబద్ధమే పొడుగు, నాలుగు వేళ్లు.

ఏం చెయ్యమంటావో చెప్పు. పార్సెలే కావాలంటే రేపే కడతాను.

తొమె

~

కిషివాడ
ఫిబ్రవరి 14

పెద్దమ్మ గారికి,

చలి తగ్గలేదు.

పూజ అయింది. పంతులుగారు తొందరగా చదివేసి టీ బాగుందన్నారు. కర్ర లేకుండానే జరిగింది. ఫొటో పక్కన మీ మేజోళ్లూ, పూజకని మీరు గడ్డిలోంచి తీసి పంపిన కొత్త పంపరపనసా పెట్టాను. వచ్చినవాళ్లు మేజోళ్లు చూసి ఏమిటని అడిగితే, ‘అదో పెద్ద కథ’ అన్నాను. రెండేళ్లలో మొదటిసారి వాడి ఫొటో ముందు కూర్చుని కబుర్లు చెప్పాం, గొంతు తగ్గించకుండా.

మీ ఉత్తరం చదివి ముందు కోపం వచ్చింది. రెండున్నరేళ్లు కడిగానని చెప్పి నాలుగు వేళ్లు అరగదీస్తారా! మావాడి కర్రని తినేశారు! మర్నాడు గల్లా దగ్గర కూర్చుని ఉంటే ఒక ఆలోచన వచ్చింది. వాడు పోయాక వాడి వస్తువులు ఏవీ కదల్లేదు. సైకిలు టైర్లలో గాలి పోయింది. బూట్లు బిగుసుకుపోయాయి. కర్ర ఒక్కటే నడుస్తూ ఉంది, వారానికోసారి, వాడు నన్ను తీసుకెళతానన్న కొండకే. ఆ నాలుగు వేళ్లూ మీ దారిలోనే ఉన్నాయిగా, ఎక్కడికీ పోలేదు.

పార్సెల్ కట్టకండి. ఏప్రిల్లో స్నానశాల నీటి గొట్టాలు మారుస్తారట, నాలుగు రోజులు సెలవు. నేనే వస్తున్నాను. మరిచిపోయినవాడే రావాలన్నారు కదా, వాడి తరఫున నేను. మొట్టికాయ నాకే వెయ్యండి.

మోకాలు సంగతి మీరూ స్వామీ చూసుకోండి.

ఫుసాయె

~

కిషివాడ
ఏప్రిల్ 19

పెద్దమ్మా,

వాతావరణం మీకు తెలుసు, అక్కడే చూశాను.

కొండ దిగి వచ్చాక ‘పైన ఏం చూశావే?’ అని అడిగారు. అప్పుడు అన్నం ముద్దలు పెట్టుకు తిన్నాను. ఇప్పుడు రాస్తాను.

‘నేను రాను, నా నడుముకి ఇవాళ సెలవు. నువ్వూ కర్రా ఇద్దరున్నారుగా, చాలు’ అని మీరు పంపించేశారు. చిన్న వంతెన దగ్గర కర్ర ఎత్తి పట్టుకున్నాను, కింద స్వామి నిద్రపోతుంటాడేమో కర్రతో నేల తట్టకూడదని మీరు మూడుసార్లు చెప్పారు కాబట్టి. దాటాక మళ్లీ కింద పెట్టాను. అడవిపందుల కంచె తలుపు తీసి, మళ్లీ వేసి, వేశానా లేదా అని వెనక్కి వచ్చి చూసి, మళ్లీ వెళ్లాను. తోటల్లో పూలు అప్పుడే విచ్చుతున్నాయి. పైన ఏదో పిట్ట ఒకటే కూత, మొదలుపెట్టడం, సగంలో మరిచిపోవడం, మళ్లీ మొదట్నుంచి.

మీరు చెప్పినట్టే మూడు చోట్ల కూర్చున్నాను. కాదు, అయిదు చోట్ల. దారి ఎర్రగా, మెత్తగా ఉంది. ఊడ్చి ఉంది. ఎండుటాకులు రెండు పక్కలకీ తోసి ఉన్నాయి. ఇదంతా మీరూ కర్రా చేసిందే కదా అనుకుంటూ ఎక్కాను. కర్ర నాకు సరిగ్గా సరిపోయింది. కొత్తలో అయితే నా భుజం దాటేదేమో.

పైన సరిహద్దు రాళ్లు రెండున్నాయి, అటు ఇయో సీమ, ఇటు తోసా సీమ అని. చెట్ల మధ్యలోంచి సముద్రం కనిపించింది. సుకుమొ రేవంతా ఎండలో తళతళలాడుతోంది, మధ్యలో దీవులు, వాటి పక్కన ఒక చిన్న పడవ, కదలనట్టే కదులుతోంది. తెప్పెయ్ ఇక్కడే కర్ర గుర్తొచ్చి చేతులవైపు చూసుకుని ఉంటాడు. నాలుగు పంపరపనసలు. వెనక్కి దిగాలా, ముందుకు పోవాలా? బద్ధకం, ముందుకే పోయాడు. ‘అమ్మకి గుడిలో ఇచ్చేశానని చెబుదాంలే’ అని ఇక్కడే అనుకుని ఉంటాడు వెధవ. వెధవా అని పైకే అన్నాను. గట్టిగా. ఎవరో యాత్రికుడు అటువైపునుంచి ఎక్కుతూ ఆగిపోయాడు. ‘మిమ్మల్ని కాదు బాబూ, మావాణ్ణి’ అన్నాను. ‘వెనక వస్తున్నాడా?’ అని అడిగాడు. ‘ముందు వెళ్లాడు’ అన్నాను. ఏడవలేదు. కొంచెం ఏడ్చాను.

సరే. అసలు విషయం.

మర్నాడు నేను బయల్దేరుతుంటే మీరు ఏం చేశారో గుర్తుందా? ఎనిమిది పంపరపనసలు. ‘వద్దనకూడదు తెలుసుగా’ అన్నారు. నాలుగు సంచిలో, నాలుగు చేతుల్లో. బస్సు వచ్చేసింది. కర్ర మీ తలుపు పక్కన ఉండిపోయింది.

మరిచిపోయానా, వదిలేశానా అని అడగొద్దు. మనిద్దరం అబద్ధాలు మానేశాం కాబట్టి, అడగకపోతేనే మంచిది. చిన్న మేజోళ్లలో పెద్దది, ఆ ఎడమది, కర్ర కొసకి తొడిగి ఉంచాను, అది మాత్రం ఒప్పుకుంటాను. మీ ఇంట్లో నేల చల్లగా ఉంటుంది. రెండోది నా దగ్గరే ఉంది.

పార్సెల్ చెయ్యకండి. మరిచిపోయినదాన్ని నేనే వచ్చి తీసుకుంటాను. వచ్చే ఏప్రిల్లో గొట్టాలు మార్చకపోయినా సరే.

అప్పటిదాకా దాన్ని నడిపిస్తూ ఉండండి.

ఫుసాయె

~

సుకుమొ
ఏప్రిల్ 25
(కార్డు)

ఫుసాయె,

ఎవరో మొద్దు యాత్రికురాలు నా తలుపు పక్కన కర్ర మరిచిపోయి వెళ్లింది. పేరుచీటీ కూడా ఇవ్వలేదు. వచ్చినప్పుడు మొట్టికాయలు రెండు.

ఇవాళ దాంతో పైకి వెళ్లి దారి ఊడ్చి వచ్చాను. సాయంత్రం మేజోడు విప్పి, కాలు కడిగి, పటం ముందు పెట్టాను. నా కాళ్లకంటే ముందు. ఈసారి నిజంగా.

తొమె